తాళ్లరేవు నుండి తెచ్చిన నావ



చీటీపాట సొమ్ము చేతికి వచ్చినప్పుడు ఇల్లాలు గొలుసు చేయించుకొనెనన్న వింత లేదు. వంటింటికి గట్టు వేయించెనన్న అంతకంటెను లేదు. నేను ఆ సొమ్ముతో ఒక పాత తెరచాప నావను కొంటిని. వచ్చిన చీటీ రూ. 60,000, నావకును దాని మరమ్మతునకును కలిసి రూ. 58,000 వ్యయమయ్యెను. ఈ మాట విని మా అత్తగారు మొదట నవ్విరి. నిజమని తెలిసిన పిమ్మట రెండు దినములు నాతో మాటాడలేదు. "ఆ సొమ్మునకు నేటి ధరలో తులము బంగారమైనను రాదు గదా, అత్తయ్యా" యని నేను సమాధానము చెప్పుకొంటిని గాని, "బంగారము నీట మునిగినను బంగారమే" యని ఆమె యనిన మాటకు నా యొద్ద బదులు లేకపోయెను.

మాది యానామునకు ఎగువను గౌతమీ తీరమందలి యొక చిన్న యూరు. మావారు పాఠశాలలో లెక్కలు చెప్పుదురు. వారికి నావలపై మోజు తాతగారి నుండి వచ్చినది. 1847లో మొదలిడి 1852లో ముగించిన ధవళేశ్వరపు ఆనకట్ట వలన పుట్టిన కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక, చాలకాలము ఈ సీమకు రాజమార్గములై యుండెను. ధాన్యపు పడవలను గట్టు మీది మనుష్యులు త్రాళ్లు పట్టి లాగుచుండుటయు, గాలి యనుకూలింపగనే తెరచాప యెత్తి, ఆ లాగువారందరు పడవలోనికెక్కి చుట్టలు వెలిగించుకొని కూర్చుండుటయు తాతగారు కన్నులకు కట్టినట్లు చెప్పెడివారట. మోటారు లారీలు వచ్చి ఆ వైభవమును మ్రింగివేసినవి. లారీలో పోవువానికి గాలితో పనిలేదు. మావారికి గాలితోనే పని.

నాకు మాత్రము నీరనిన భయము. మా తండ్రిగారు ఇంటిలోనే నాకు భారతమును, కావ్యములను చెప్పిరి. మత్స్యగంధి యమునలో పడవ నడిపెనని పదియేండ్ల నాడే చదివితిని గాని, పడవలో కాలు పెట్టుట వేరు. అందును 2018 జూలై 14వ తేదీని ఐ. పోలవరము మండలమందలి పశువుల్లంక యొద్ద నాటుపడవ తిరుగబడి, ఇండ్లకు మరలుచున్న బడిపిల్లలు కొందరు గోదావరి పాలైరి. మరుసటి యేడు సెప్టెంబరులో ఎగువను కచ్చులూరు కడ విహారనౌక మునిగెను. నా కూతురు అప్పటికి పలక పట్టిన పసిది. ఆ వార్తలు విన్న నాటి నుండి రేవు మెట్లు దిగుటకు నా కాళ్లు రాలేదు. ఎదుర్లంక వైపు చుట్టములను చూడబోవలసినప్పుడు యానాము వంతెన మీదుగా బస్సులోనే పోయెడిదానను. అప్పుడును కిటికీ వైపు కూర్చుండెడిదానను గాను.

కాబట్టి మావారు నావ మాట యెత్తినప్పుడెల్ల నేను మాట మార్చుచు వచ్చితిని. ఒకనాటి రాత్రి ఆయన, "నీవు భయపడుట న్యాయమే. కాని ఏటి యొడ్డున పుట్టిన పిల్లలకు ఈత రాకుండుట అంతకంటె భయపడవలసిన సంగతి కాదా?" యనిరి. ఆ మాట నన్ను నిద్రపోనీయలేదు. తెల్లవారిన పిమ్మట నేనే బేరము పెట్టితిని. ఇంటిల్లిపాదియు, నాతో కూడ, ముందు ఈత నేర్వవలెను. తేలుడు చొక్కాలు లేక ఎవ్వరును నావ యెక్కరాదు. నా చీటీ సొమ్ము దాటి ఒక్క రూపాయియైనను అప్పు చేయరాదు. మావారు ముప్పదియేండ్లు దాటిన నేను ఈత నేర్వజాలనని తలచి కాబోలు, వెంటనే ఒప్పుకొనిరి.

వేసవి సెలవులలో మా వీధికి చేపలు తెచ్చు అవ్వయే నాకు గురువయ్యెను. తెల్లవారుజామున, ఎవ్వరును చూడకముందే, నా కూతురును నేనును పంజాబీ దుస్తులు ధరించి చెరువులో దిగెడివారము. నేను మునుగుదునని నీటిని రెండు చేతులతో పట్టుకొనబోవుచుంటిని. అవ్వ నవ్వి, "నీళ్లను పట్టుకోకండమ్మగారూ, మిమ్మల్ని నీళ్లే పట్టుకుంటాయి" అనెను. పదునెనిమిదవ నాడు వెల్లకిల తేలితిని. ఆకాశమును అట్లు చూచుట నాకదియే మొదలు. ఈదులాటలో నా కొడుకును కూతురును నన్ను నేటికిని మించుచునే యున్నారు, కాని చెరువు ఆవలి గట్టును నేను ముట్టగలను.

పిమ్మట నావ వెదకుట. ఇచ్చట చదువరులకు ఉపయోగించు సంగతి కొంత వివరముగా వ్రాసెదను. పాతనావనే గాక, పాత ద్వారబంధమును, పాత మంచమును కొనువారికిని ఇది పనికివచ్చును.

మేము మొదట చూచినది కాకినాడ సమీపమున ఒక పాయలో కట్టియున్న పడవ. పెండ్లికూతురి వలె పచ్చరంగు, ఎఱ్ఱ అంచు. ధర రూ. 35,000. మావారు అప్పుడే దానిలో కూర్చుండి చుక్కాని పట్టుకొనిరి. మేము తోడు తీసికొనిపోయిన తాళ్లరేవు వడ్రంగి మేస్త్రి మాత్రము మాటలేక మొలలోని చిన్న కత్తి తీసి, అడుగుపలక మీద గ్రుచ్చెను. పండిన బొప్పాయిలోనికి దిగినట్లు దిగెను. మరియొక చోట సుత్తితో కొట్టగా తడిసిన గోడను కొట్టినట్లు మూగధ్వని వచ్చెను; మంచి కర్ర యైనచో కంచువలె పలుకును. వాననీరు నావలో నిలిచి కుళ్లించినదట. ఉప్పునీరు కర్రను కొంత కాపాడును గాని వాననీరు దానికి శత్రువని నేనెన్నడును వినలేదు. అంతియే గాక పలక వెలుపల ఆవగింజంత రంధ్రములు కనబడెను. మేస్త్రి ఒక తునకను చీల్చి చూపగా, లోపల వ్రేలు పట్టునంత సొరంగములు, వాని గోడలకు సున్నము పూసినట్లు తెల్లని పొర. పురుగనుటయే గాని ఈ ప్రాణి ఆల్చిప్పల జాతిది. కర్రయే దానికి ఇల్లును, ఆహారమును. బయటి రంగునకు మోసపోయి యుంటిమా, ఆ సొరంగములను రూ. 35,000 పోసి కొనియుందుము.

రెండవది కోరంగిలో ఒక తాటితోపున దొరకెను. రంగు పోయి, బూడిద వన్నె గలిగి, బోర్లించి యుండెను. దాని యజమానుడు ముదుసలి జాలరి. కుమారులు ఫైబరు పడవయు ఇంజనును కొనుక్కొనిన నాటి నుండి దానికి పని లేదట; అయినను ఏటేట నూనె పూసి బోర్లించుట మానలేదు. బోర్లించుటచేతనే వాననీరు నిలువక కర్ర నిలిచినది. పొడవు 16 అడుగులు, వెడల్పు నాలుగున్నర. మేస్త్రి కత్తి రెండు చోట్ల మాత్రమే దిగెను. మేకుల చుట్టును తుప్పు కారిన నల్లని చారలు చూచి, "ఇవి మార్చాలండి" అనెను. ఒక పక్కటెముక విరిగియుండెను. ముదుసలి రూ. 30,000 చెప్పి, మా ముఖములు చూచి, రూ. 20,000 లకు దిగెను. డబ్బు లెక్కించుకొనుచు, "పొయ్యిలోకి కాదు గదా?" యని మెల్లగా అడిగెను. కాదని మావారు చెప్పినప్పుడు గాని అతడు నోట్లు మడువలేదు.

ఈ కోరంగిని గురించి నాలుగు మాటలు చెప్పక మానజాలను. కాకినాడ నుండి యానామునకు పోవు మార్గమున బస్సు ఒక్క నిమిషము ఆగు చిన్న యూరు. ఒకప్పుడు ఇది ఓడలు కట్టు గొప్ప రేవు. ఇచ్చటి నుండి బర్మా పోయిన మనవారి మూలమున, అచ్చటి జనులు తెలుగువారినందరిని కోరంగీలని పిలిచెడివారు. 1789 డిసెంబరులో ఒక ఉప్పెన, 1839 నవంబరులో మరియొకటి వచ్చి ఆ రేవును తుడిచిపెట్టినవి. ఓడలు పోయినను చేతులు పోలేదు. కోరంగి తాళ్లరేవులలోని వడ్రంగులు కాగితము మీద గీతయైనను గీయక, కంటితో కొలిచి, నావలు కట్టుట తరతరముల విద్య. మా మేస్త్రి వారిలో నొకడు, డెబ్బదియేండ్లకు దగ్గరివాడు.

మరమ్మతు కార్తికమున మొదలయ్యెను. మేస్త్రి కూలి దినమునకు రూ. 1,200 చొప్పున పండ్రెండు దినములకు రూ. 14,400. టేకు పలకలకును, పక్కటెముకకు వలయు నల్లతుమ్మ కొమ్మకును రూ. 11,500. ఈ కొమ్మను ఏరుట చూడదగినది. తిన్నని కర్రను కోసి వంపు తీసినచో బలముండదట. పుట్టుకతోనే ఆ వంపు గల కొమ్మ కావలెను. మేస్త్రి కట్టెల యడితిలో అర్ధదినము తిరిగి, పెండ్లికొడుకును వెదకినట్లు వెదకి తెచ్చెను. పలకను మాత్రము వంచుదురు: క్రింద తాటాకుల సెగ, పైన తడిగుడ్డ, కొసను రాయి వ్రేలాడగట్టి, మధ్యాహ్నము నుండి సాయంకాలము దాక. తొందరపడిన చీలును.

ఆదివారములందు మేమును పోయి చేతనైన పని చేసెడివారము. మావారు పాత మేకులు ఊడబెరుకుటలో రెండు వ్రేళ్లు నలుగగొట్టుకొనిరి. నా పని ప్రత్తి. పలకకును పలకకును నడుమ సందులలో ప్రత్తి పేనిన త్రాటిని మొద్దు ఉలితో దిగగొట్టి, పైన గుగ్గిలపు పొడిని నూనెతో మర్దించి పూయుదురు. మేస్త్రి మనుమడు పేనిన ప్రత్తి ఒకచోట లావును, ఒకచోట సన్నమునై యుండెను. నేను చూచి ఊరకుండలేక, చీర కుచ్చెళ్లు బిగించి కూర్చుండి, ఒక మూర పేనితిని. మేస్త్రి దానిని వెలుతురునకు పట్టి చూచి, "ఎక్కడ నేర్చారమ్మగారూ?" యని అడిగెను. లక్షవత్తుల నోము నోచినదానికి ప్రత్తి పేనుట ఒకరు నేర్పవలెనా! ఆ నావ సందులలో నున్న ప్రత్తియంతయు నా చేతిది, నా కూతురి చేతిది. అత్తగారు కూడ ఒకనాటి సాయంకాలము, ఏమియు నెరుగనట్లు, మా ప్రక్కన కూర్చుండి రెండు మూరలు పేనిరి. సందు గట్టిగా నింపుట మంచిదని తలచితిని గాని అదియును తప్పేనట. నీరు త్రాగి కర్ర ఉబ్బినప్పుడు చోటు లేకున్న మేకులే ఊడివచ్చును.

ఆ దినములలోనే నేను మేస్త్రికి నా పాండిత్యము చూపబోయి పరాభవము పొందితిని. భోజరాజు పేర నున్న యుక్తికల్పతరువను సంస్కృత గ్రంథమున నౌకాలక్షణములు కలవు. సముద్రమున పోవు నావకు ఇనుము వాడరాదనియు, నీటిలోని అయస్కాంత శిలలు దానిని లాగికొనుననియు అందు చెప్పబడినది. ఇది చెప్పగా మేస్త్రి ఆలకించి, ఆ ప్రక్కన పోవుచున్న ఇంజను పడవను చూపి, "ఆయ్, మరి అదంతా ఇనుమేగదండీ" యని వినయముగా అనెను. ఆ గ్రంథమందే క్షుద్రయను పేరు గల అతి చిన్న నావకు పదునారు మూరల పొడవు చెప్పబడినది. మాది పదునారు అడుగులే గనుక భోజరాజు లెక్కకు క్షుద్రకంటెను క్షుద్రము! ఆ పేరే పెట్టుదమని నేననగా మేస్త్రి చేతిలోని ఉలి దించి, "వద్దండమ్మగారూ, చేతబడి పడవనుకుంటారు" అనెను. అందుచేత మా నావకు నేటికిని పేరు లేదు.

మేకులు, ప్రత్తి, గుగ్గిలము, నూనె రూ. 4,600. తెరచాప గుడ్డయు త్రాళ్లును రూ. 3,900. తేలుడు చొక్కాలు నాలుగు, ఒక్కొక్కటి రూ. 900.

సంక్రాంతి సెలవులలో నావను నీటికి దింపితిమి. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ అన్నియు సక్రమముగా జరిగెను. పదిమంది త్రోయగా అది నీటిలోనికి జారెను. మావారి ముఖము చూచితిని. మా పెండ్లినాడైనను అంత వెలుగు లేదు. పావుగంట గడువకముందే అడుగున తడి కనబడెను. తడి చెలమ యయ్యెను. నేను పేనిన ప్రత్తి గుండ నాలుగైదు చోట్ల సన్నని ధారలు! మావారు డబ్బాతో నీరు తోడుచు, తోడుచు, ఎవ్వరి వైపును చూడకుండిరి. రూ. 58,000 కన్నుల యెదుట మునుగుచున్నట్లు నాకు తోచెను. అత్తగారి మాట చెవిలో మ్రోగెను.

మేస్త్రి ఒడ్డున కూర్చుండి చుట్ట ముట్టించుకొనుచుండెను. "ఏమిటిది మేస్త్రీ!" యని నేను కొంచెము కోపముగనే అడిగితిని. "ఎన్నాళ్లు ఎండిందో చూశారు గదండీ. దాహమేసింది. తాగనివ్వండి" యని అతడు లేచి, మావారి చేతిలోని డబ్బా తీసికొని, తోడుటకు మారుగా నావలోనికే నీరు పోయసాగెను! రాళ్లు కూడ వేసి, అంచు దాక ముంచి, త్రాడు చెట్టునకు కట్టి, మమ్ము ఇంటికి పొమ్మనెను. ఆ రెండు రాత్రులు మా యింట ఎవ్వరును నావ మాట యెత్తలేదు. మూడవ నాటి యుదయమున పోయి, రాళ్లు తీసి, నీరు తోడి, గుడ్డతో తుడిచితిమి. గంట సేపు అందరము అడుగుపలకలనే చూచుచు కూర్చుంటిమి. పొడిగా నుండెను. కర్ర ఉబ్బి సందులు వానియంతట అవియే మూసికొనినవి. నేను ఆ పలకల మీద అరచేయి వేసి చూచితిని.

మరునాడు కోరంగి నుండి యానామునకు ప్రయాణము. పిల్లలను అత్తగారి యొద్ద విడిచి, మావారును నేనును, దారి చూపుటకు ఆ ముదుసలి జాలరియు బయలుదేరితిమి. పుష్యమాసమున గాలి ఈశాన్యము నుండి వీచును. మేము పోవలసినది దక్షిణమునకు. సముద్రపు పోటు మొదలైన పిమ్మట కదలినచో నీరును గాలియు రెండును వెనుకనుండి త్రోయునని ముదుసలి ఉదయమున రెండు గంటలు మమ్ము గట్టున కూర్చుండబెట్టెను. ఏటవాలు వెదురు గడకు కట్టిన తెరచాప లేవగనే, ఎవ్వరో వెనుకనుండి మెల్లగా చేయి వేసి త్రోసినట్లు నావ కదలెను. ఇంజను చప్పుడు లేదు, వాసన లేదు. మునివాకిట నీరు చీలు సవ్వడి మాత్రము.

కోరంగి పాయను మా ప్రాంతమున ఆత్రేయ యందురు. సప్తసాగర యాత్ర చేయువారు చొల్లంగి అమావాస్యనాడు తుల్యభాగలో మునిగి మొదలుపెట్టి, ఈ ఆత్రేయను, గౌతమిని సేవించి, కడపట అంతర్వేదిలో వాసిష్ఠిని చేరుదురు. తూర్పున మడ అడవులు. 1978 నుండి ఇది ప్రభుత్వము వారి వన్యప్రాణి రక్షితస్థలము. మడచెట్ల వేళ్లు బురదలో నుండి మేకుల వలె పైకి పొడుచుకొని వచ్చి గాలి పీల్చును. ఒకచోట మూడు నీటికుక్కలు వరుసగా తల లెత్తి మమ్ము చూచి, ఏమియు తోచక, మరల మునిగెను. చేపలు పట్టి తిను బావురుపిల్లులును ఇచ్చట కలవని విందుము గాని అవి రాత్రించరములు, మాకు కనబడలేదు. నేను భయపడుట మరచితినని నాకే తెలియలేదు.

పాయ వెడల్పై గౌతమితో కలియు చోట ఆ మరపు వదలెను. అంతదాక చెట్లు గాలిని కాచినవి. చెట్లు తొలగగనే గాలి యొక్కపెట్టున తెరచాపను కొట్టెను. నావ ఒక ప్రక్కకు ఒరిగెను. అంచు మీదుగా నీరు లోనికి దూకెను. "తాడొదలండి!" యని ముదుసలి చుక్కాని యొద్దనుండి అరచెను. తెరచాప త్రాటిని చేతితోనే పట్టుకొనవలెను గాని కట్టరాదని అతడు ఉదయముననే చెప్పియుండెను. మావారు చేయి నొచ్చి, అడ్డుబల్లకు రెండు చుట్లు చుట్టి ముడి వేసియుండిరి. తడిసిన ముడి ఆయన చేతికి రాలేదు. నేను ఎట్లు ముందుకు పోతినో ఎరుగను. ప్రత్తి పేనిన వ్రేళ్లు గదా. గోరు దూర్చి ముడి సడలించితిని. త్రాడు నా అరచేయి ఒరసికొనుచు పోయెను; తెరచాప పటపట కొట్టుకొనెను; నావ తిన్నగా నిలిచెను.

కొంత సేపు ఎవ్వరును మాటాడలేదు. పిదప మావారు డబ్బా తీసికొని నీరు తోడసాగిరి. యానాము రేవు చేరు దాక త్రాడు నా చేతిలోనే యుండెను. ఆయన అడుగలేదు, నేను ఇయ్యలేదు. 1954 దాక ఫ్రెంచివారి పాలనలో నుండిన ఆ పట్టణపు గట్టు మీద బల్లపై కూర్చుండి, వేడి పునుగులు తినుచు, నా అరచేతి బొబ్బను మావారు చూచి, "ముడి సంగతి అమ్మతో చెప్పకు" అనిరి. నేను చెప్పలేదు. ఇప్పుడు పత్రికలో చదివినచో చదువుదురు గాక.

నావ ఇప్పుడు మా రేవున నున్నది. ఆదివారములందు పిల్లలతో లంక దాక పోయి వచ్చెదము. గాలి ఎదురైనచో మా తెరచాప పనికిరాదు, తెడ్లు వేయవలసినదే. వర్షకాలమునకు ముందు గట్టునకు లాగి, బోర్లించి, మరల నూనె పూయవలెను. చీటీ సొమ్ములో రూ. 2,000 మిగిలినవి. మొన్న అత్తగారు వత్తులు చేసికొనుచు, తల యెత్తకయే, శివరాత్రికి కోటిపల్లి సోమేశ్వరుని దర్శనమునకు బస్సులో పోవుదుమా, మరి యెట్లు పోవుదుమని అడిగిరి. "మీ యిష్టము, అత్తయ్యా" యంటిని. "ఆ చొక్కాలు నాలుగే గదా యున్నవి" యని ఆమె యనిరి. మరునాడే మావారిని కాకినాడ పంపి అయిదవది తెప్పించితిని.